ఏఐ ఏజెంట్ల కోసం ఉపకరణాల డాక్యుమెంటేషన్

ఏఐ ఏజెంట్ల కోసం ఉపకరణాల డాక్యుమెంటేషన్ అనగా, కృత్రిమ మేధతో పనిచేసే ఏజెంటు ఒక సాఫ్ట్‌వేర్ ఉపకరణాన్ని సరిగా ఎంచుకొని, దానికి సరైన సమాచారం అందించి, వచ్చిన జవాబును తప్పు లేకుండా గ్రహించడానికి వీలుగా రాసే వివరణ. ఉపకరణం ఏమి చేస్తుంది, ఏమి చేయదు, ఏ విలువలను ఏ కొలమానంలో అడుగుతుంది, జవాబును ఏ రూపంలో ఇస్తుంది, విఫలమైతే ఏమి చెబుతుంది అనేవి ఇందులో ముఖ్యమైన అంశాలు.

మనుషుల కోసం రాసే వాడుక పుస్తకాలకు, ఈ వివరణలకు ఒక ప్రధానమైన తేడా ఉంది. కార్యాలయంలో పనిచేసే గుమాస్తాకు తన ప్రాంతం గురించి తెలిసిన సంగతులు చాలా ఉంటాయి. పుస్తకంలో లేనిదాన్ని అతడు అనుభవంతో పూరించుకుంటాడు, లేదా పక్కవారిని అడుగుతాడు. ఏజెంటుకు ఆ ఉపకరణం గురించి తెలిసేది సాధారణంగా ఆ వివరణలో రాసినది మాత్రమే. అందువలన స్థానికంగా అందరికీ తెలిసినవే కదా అని వదిలివేసిన విషయాలే ఎక్కువ పొరపాట్లకు కారణమవుతాయి. ఈ వ్యాసంలో విజయవాడ మరియు కృష్ణా డెల్టా ప్రాంతపు సమాచారం ఆధారంగా ఉదాహరణలు ఇవ్వబడ్డాయి.

## పరిభాష

* ఏజెంటు: పెద్ద భాషా నమూనా ఆధారంగా పనిచేస్తూ, వినియోగదారు చెప్పిన పనిని దశలుగా విడగొట్టి, అవసరమైన ఉపకరణాలను తానే పిలిచి పూర్తి చేసే ప్రోగ్రాము.
* ఉపకరణం: ఏజెంటు పిలవగలిగే ఒక నిర్దిష్టమైన పని. బస్సు వేళలు వెదకడం, కరెంటు బిల్లు చూపడం, జలాశయం నీటిమట్టం తెలపడం వంటివి. దీనిని వాడుకలో టూల్ అంటారు.
* పారామీటరు: ఉపకరణాన్ని పిలిచేటప్పుడు దానికి ఇవ్వవలసిన విలువ. ఉదాహరణకు ఊరి పేరు, తేదీ, సర్వే నంబరు.
* స్కీమా: పారామీటర్ల పేర్లు, రకాలు, తప్పనిసరో కాదో తెలిపే యంత్రపఠనీయ పట్టిక. దీనికి ఎక్కువగా జేసన్ స్కీమా అనే పద్ధతిని వాడుతారు.

## ఏజెంటు ఉపకరణాన్ని వాడే విధానం

1. సంభాషణ మొదలయ్యేటప్పుడు అందుబాటులో ఉన్న ఉపకరణాల పేర్లు, వివరణలు, స్కీమాలు భాషా నమూనాకు పాఠ్యంగా అందుతాయి.
2. వినియోగదారు ప్రశ్న అడిగినప్పుడు నమూనా ఆ ప్రశ్నను వివరణలతో పోల్చి, తగిన ఉపకరణాన్ని ఎంచుకొంటుంది.
3. ప్రశ్నలోని మాటల నుండి పారామీటర్ల విలువలను తీసి, స్కీమాకు తగినట్లు నింపుతుంది.
4. ఉపకరణాన్ని నడిపే ప్రోగ్రాము ఆ పిలుపును అమలు చేసి, ఫలితాన్ని తిరిగి నమూనాకు ఇస్తుంది.
5. నమూనా ఆ ఫలితాన్ని చదివి జవాబు చెబుతుంది, లేదా మరొక ఉపకరణాన్ని పిలుస్తుంది.

రెండవ దశలో పొరపాటు జరిగితే వేరే ఉపకరణం పిలవబడుతుంది. మూడవ దశలో జరిగితే సరైన ఉపకరణానికి తప్పు విలువ అందుతుంది. అయిదవ దశలో జరిగితే సరైన ఫలితానికి తప్పు అర్థం చెప్పబడుతుంది. ఈ మూడు దశలలోనూ నమూనాకు ఆధారం రాతపూర్వకమైన వివరణే. ఉపకరణం లోపలి ప్రోగ్రాము ఎంత చక్కగా రాసినదైనా ఏజెంటు దానిని చూడదు.

వివరణలన్నీ నమూనా ఒకసారికి చదవగలిగిన పాఠ్యపరిమితిలో చోటు ఆక్రమిస్తాయి. అందువలన ప్రతి ఉపకరణానికీ పేజీల కొద్దీ రాయడం కూడా ఉపయోగకరం కాదు. తక్కువ మాటలలో, ఎంపికకు పనికివచ్చే విషయాలను మాత్రమే రాయవలసి ఉంటుంది.

## చరిత్ర

సాఫ్ట్‌వేర్‌కు పత్రాలు రాసే ఆచారం కంప్యూటర్లంత పాతది. యూనిక్స్ నిర్వహణ వ్యవస్థ మొదటి మాన్యువల్ 1971 నవంబరులో వెలువడింది. ఒక్కొక్క ఆదేశానికి పేరు, వాడుక, వర్ణన, లోపాలు అనే శీర్షికలతో ఒక్కొక్క పుట కేటాయించే పద్ధతి దానితో స్థిరపడింది.

అంతర్జాల సేవలు పెరిగిన తరువాత ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రామును పిలిచే ఏపీఐల వర్ణనకు ప్రామాణిక రూపం అవసరమైంది. 2011లో మొదలైన స్వాగర్ అనే పద్ధతి 2015లో లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలోకి వచ్చి ఓపెన్‌ఏపీఐ అనే ప్రమాణంగా మారింది. భారత ప్రభుత్వం 2015లోనే ప్రభుత్వ సంస్థల కోసం ఓపెన్ ఏపీఐల విధానాన్ని ప్రకటించింది. అయితే ఈ వర్ణనలను చదివి ప్రోగ్రాము రాసేది మనిషే కనుక, వాటిలోని మాటల వివరణ క్లుప్తంగా ఉన్నా పని జరిగేది.

భాషా నమూనాలు ఉపకరణాలను పిలవడంపై 2022, 2023 సంవత్సరాలలో పరిశోధనలు ఊపందుకున్నాయి. 2022 అక్టోబరులో రియాక్ట్, 2023 ఫిబ్రవరిలో మెటా పరిశోధకుల టూల్‌ఫార్మర్ పత్రాలు వెలువడ్డాయి. 2023 మార్చిలో ఓపెన్‌ఏఐ సంస్థ చాట్‌జీపీటీకి ప్లగిన్‌లు ప్రవేశపెట్టింది. ప్రతి ప్లగిన్ పత్రంలో మనుషుల కోసం ఒక వర్ణన, నమూనా కోసం మరొక వర్ణన అని రెండు వేర్వేరు గడులు ఉండేవి. చదివే యంత్రం కోసం విడిగా రాయాలి అనే ఆలోచన ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. ప్లగిన్‌లను 2024లో నిలిపివేశారు. 2023 జూన్‌లో అదే సంస్థ తన ఏపీఐలో ఫంక్షన్ కాలింగ్ సౌకర్యాన్ని కల్పించింది. పేరు, వర్ణన, జేసన్ స్కీమా అనే మూడు భాగాల రూపం దీనితో వ్యాప్తిలోకి వచ్చింది.

2024 సెప్టెంబరులో జెరెమీ హోవర్డ్, వెబ్‌సైట్లు భాషా నమూనాల కోసం ఒక సారాంశ పత్రాన్ని ఉంచాలని ప్రతిపాదించాడు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను విడుదల చేసింది. ఒకసారి వర్ణించిన ఉపకరణాన్ని వివిధ సంస్థల ఏజెంట్లు వాడుకోవడానికి ఇది వీలు కల్పించింది. దీనివలన వివరణ రాసేవారికి, దానిని చదివే ఏజెంటు ఏదో ముందుగా తెలియని పరిస్థితి ఏర్పడింది.

## మంచి వివరణలో ఉండవలసిన అంశాలు

పేరు. పేరు చేసే పనిని తెలపాలి. "సమాచారం", "సేవ 2" వంటి పేర్లు ఎంపికకు సాయపడవు. చాలా వ్యవస్థలలో ఉపకరణం పేరుకు ఆంగ్ల అక్షరాలు, అంకెలు, అడ్డుగీతలు మాత్రమే అనుమతిస్తారు. వర్ణన మాత్రం ఏ భాషలోనైనా ఉండవచ్చును.

ఉద్దేశం. ఉపకరణం ఏ ప్రశ్నకు జవాబు ఇస్తుందో మొదటి వాక్యంలోనే చెప్పాలి.

వర్తించని సందర్భాలు. ఏ సందర్భంలో ఈ ఉపకరణాన్ని వాడరాదో, దాని బదులు దేనిని వాడాలో రాయాలి. ఒకదానికొకటి దగ్గరగా ఉన్న ఉపకరణాలు అనేకం ఉన్నప్పుడు ఇది చాలా ముఖ్యం. ఉదాహరణకు విజయవాడ విద్యుత్ వినియోగదారులు ఆంధ్ర ప్రదేశ్ మధ్య ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలో ఉండగా, ఏలూరు నగరం తూర్పు ప్రాంత సంస్థ పరిధిలో ఉంది. రెండు నగరాల మధ్య దూరం కొద్దిపాటిదే అయినా ఒక సంస్థ బిల్లుల ఉపకరణం రెండవ సంస్థ సర్వీసు నంబరుకు పనిచేయదు. ఈ సంగతి వివరణలో లేకపోతే "నంబరు దొరకలేదు" అనే జవాబును ఏజెంటు "మీకు బకాయి లేదు" అని చెప్పే ప్రమాదం ఉంది.

పారామీటర్లు. ప్రతి పారామీటరుకు రకం, కొలమానం, రూపం, ఒక నమూనా విలువ ఇవ్వాలి. విలువలు కొన్నే అయితే వాటన్నిటి జాబితా ఇవ్వాలి. వినియోగదారు చెప్పని విలువను ఏజెంటు ఊహించవచ్చునా, లేక అడిగి తెలుసుకోవాలా అనేది కూడా రాయాలి.

ఫలితం. జవాబులోని ప్రతి గడి అర్థం, కొలమానం, అది ఎప్పటి సమాచారం అనేవి చెప్పాలి. ఖాళీ జవాబుకు, సున్నాకు, "సమాచారం అందలేదు" అనే దానికి తేడా స్పష్టంగా ఉండాలి.

వైఫల్యం. లోపం సంభవించినప్పుడు వచ్చే సందేశం తరువాత చేయవలసిన పనిని సూచించాలి. "లోపం 400" అనే దానికన్నా "సర్వే నంబరుతో పాటు గ్రామం పేరు కూడా కావాలి" అనే సందేశం ఏజెంటుకు ఉపయోగపడుతుంది.

పర్యవసానం. ఉపకరణం సమాచారాన్ని చదివేదా, లేక మార్పు చేసేదా అనేది తెలపాలి. టికెట్టు వేళలు చూడడం మళ్ళీ మళ్ళీ చేసినా నష్టం లేదు. డబ్బు చెల్లించి టికెట్టు తీయడం రెండుసార్లు జరిగితే నష్టం. మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో చదవడం మాత్రమే చేసేవి, చెరిపివేసేవి, ఒకే పిలుపును తిరిగి పంపినా అదనపు ప్రభావం లేనివి అని ఉపకరణాలకు సూచికలు ఇచ్చే ఏర్పాటు ఉంది.

## కృష్ణా డెల్టా సమాచారంలో ఎదురయ్యే చిక్కులు

### స్థలాల పేర్లు

విజయవాడకు బెజవాడ అనేది పాత పేరు. రైల్వే స్టేషను సంకేతం బీజడ్ఏ ఆ పాత పేరు నుండి వచ్చినదే. విమానాశ్రయ సంకేతం వీజీఏ. మచిలీపట్నాన్ని జనం బందరు అంటారు. అయితే బందరు కాలువ, విజయవాడలోని బందరు రోడ్డు అనేవి ఊరి పేర్లు కావు. అదే విధంగా ఏలూరు కాలువ వేరు, ఏలూరు నగరం వేరు. గన్నవరం అనే పేరుతో విజయవాడ సమీపంలో విమానాశ్రయం ఉన్న పట్టణం ఉండగా, గోదావరి డెల్టాలో పి.గన్నవరం ఉంది. స్థలం పేరును పారామీటరుగా తీసుకునే ఉపకరణం మారుపేర్లను అంగీకరిస్తుందా, ఒకే పేరు గల ఊళ్ళు ఉన్నప్పుడు మండలం కూడా ఇవ్వాలా అనేది తెలపాలి.

జిల్లా పేరుకు కాలంతో ముడి ఉంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్ర ప్రదేశ్‌లోని 13 జిల్లాలను 26గా పునర్వ్యవస్థీకరించారు. పాత కృష్ణా జిల్లాలో విజయవాడ చుట్టుపక్కల ప్రాంతం ఎన్.టి.ఆర్. జిల్లాగా ఏర్పడింది. మచిలీపట్నం కేంద్రంగా ఉన్న భాగానికి కృష్ణా జిల్లా అనే పేరే కొనసాగింది. నూజివీడు, కైకలూరు ప్రాంతాలు అప్పుడు ఏలూరు జిల్లాలో చేరాయి. కనుక "కృష్ణా జిల్లా వరి దిగుబడి" అని అడిగినప్పుడు 2021 అంకెలు, 2023 అంకెలు ఒకే భూభాగానికి చెందినవి కావు. ఈ మాట వివరణలో లేకపోతే ఏజెంటు రెండింటినీ పోల్చి దిగుబడి బాగా పడిపోయిందని చెప్పగలదు.

### కొలమానాలు

నీటిపారుదల లెక్కలలో మూడు రకాల కొలతలు కలిసి వస్తాయి. ప్రవాహాన్ని క్యూసెక్కులలో, అనగా సెకనుకు ఘనపుటడుగులలో చెబుతారు. నిల్వను టీఎంసీలలో చెబుతారు. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. నీటిమట్టాన్ని అడుగులలో చెబుతారు. ఒక రోజంతా 11,574 క్యూసెక్కుల చొప్పున నీరు పారితే సుమారు ఒక టీఎంసీ అవుతుంది. "నీరు" అనే ఒకే పేరుగల గడిలో ఈ మూడింటిలో ఏది ఉన్నదో ఏజెంటుకు తెలియదు.

అడుగులలోనూ రెండు లెక్కలున్నాయి. ప్రకాశం బ్యారేజీ పూర్తి నీటిమట్టాన్ని సముద్రమట్టం నుండి 57.05 అడుగులుగా చెబుతారు. అదే మట్టాన్ని బ్యారేజీ వద్ద ఉన్న కొలబద్ద ప్రకారం 12 అడుగులుగా వార్తలలో పేర్కొంటారు. ఒక ఉపకరణం మొదటి లెక్కను, మరొకటి రెండవ లెక్కను ఇస్తుంటే, వివరణలో ఆ తేడా తప్పనిసరిగా ఉండాలి.

ధాన్యం విషయంలో డెల్టా రైతులు సాధారణంగా 75 కిలోల బస్తా లెక్కన మాట్లాడుతారు. కేంద్ర ప్రభుత్వం ప్రకటించే మద్దతు ధర క్వింటాలుకు ఉంటుంది. ఎకరాకు 40 బస్తాలు పండితే అది 30 క్వింటాళ్ళు. ఆ 40 అంకెను క్వింటాళ్ళ గడిలో నింపితే రైతు ధాన్యం విలువ మూడింట ఒక వంతు ఎక్కువగా కనబడుతుంది. పారామీటరు పేరు "పరిమాణం" అని కాక "పరిమాణం, క్వింటాళ్ళలో" అని ఉండి, బస్తా బరువు అడిగి తెలుసుకోవలసిందిగా వర్ణనలో ఉంటే ఈ పొరపాటు జరగదు.

### భూమి రికార్డులు

భూమి విస్తీర్ణం ఎకరాలు, సెంట్లలో ఉంటుంది. 100 సెంట్లు ఒక ఎకరం. "ఎకరం 5 సెంట్లు" అంటే 1.05 ఎకరాలు, 1.5 కాదు. ఈ రెంటికీ తేడా 45 సెంట్లు.

సర్వే నంబరు పేరుకు నంబరే అయినా దానిని సంఖ్యగా కాక పాఠ్యంగా తీసుకోవాలి. 125/2 అనే సబ్‌డివిజన్‌ను సంఖ్యగా భావిస్తే భాగహారం చేసి 62.5 అని రాసే వీలుంది. పైగా ఒకే సర్వే నంబరు ప్రతి గ్రామంలోనూ ఉంటుంది కనుక గ్రామం, మండలం లేకుండా దానికి అర్థం లేదు. భూముల పునఃసర్వే పూర్తయిన గ్రామాలలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్.పి.ఎం. నంబర్లు వచ్చాయి. ఉపకరణం ఏ నంబరును కోరుతుందో, పాత నంబరు ఇస్తే ఏమి చేస్తుందో రాయాలి.

వ్యక్తుల పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. పాసు పుస్తకంలో ఇంటిపేరు పూర్తిగా, మరొక రికార్డులో పొడి అక్షరంగా ఉండడం సాధారణం. మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు పెట్టే పాశ్చాత్య పద్ధతిని వాడేటప్పుడు ఏ గడిలో ఏది నింపాలో చెప్పవలసి ఉంటుంది.

### కాలం

రెవెన్యూ రికార్డులలో ఫసలీ సంవత్సరం వాడుకలో ఉంది. ఇది జులై 1న మొదలవుతుంది. ఫసలీ 1434 అంటే 2024 జులై నుండి 2025 జూన్ వరకు. వరి పంటలను డెల్టాలో సార్వా, దాళ్వా అంటారు. ప్రభుత్వ పత్రాలలో ఖరీఫ్, రబీ అనే మాటలు ఉంటాయి. పంటకాలం పారామీటరుకు అనుమతించే విలువలు ఖరీఫ్, రబీ మాత్రమే అయితే, సార్వా అంటే ఖరీఫ్ అనీ, దాళ్వా అంటే రబీ అనీ వర్ణనలో ఒక వాక్యం సరిపోతుంది.

తేదీల విషయంలో 04-05-2025 అనేది మన వాడుకలో మే 4. అమెరికా పద్ధతిలో ఏప్రిల్ 5. సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో రాసే అంతర్జాతీయ ప్రమాణాన్ని కోరడం, నమూనా విలువ ఒకటి ఇవ్వడం మంచిది.

### తెలుగు లిపి

యూనికోడ్‌లో "సాఫ్ట్‌వేర్" వంటి మాటలలో అక్షరాలు కలవకుండా ఉండేందుకు కంటికి కనిపించని ఒక సంకేతాన్ని వాడుతారు. అది ఉన్న మాట, లేని మాట యంత్రానికి వేర్వేరు. పేరుతో వెదికే ఉపకరణం ఈ సంకేతాన్ని తొలగించి పోల్చుతుందో లేదో చెప్పాలి. తెలుగు అంకెలను అంగీకరిస్తుందా, పేర్లను తెలుగులో ఇవ్వాలా లేక ఆంగ్ల అక్షరాలలో ఇవ్వాలా అనేవి కూడా ఇటువంటివే. ఆంగ్ల అక్షరాలలో ఒకే తెలుగు పేరును పలు విధాలుగా రాయడం పరిపాటి కాబట్టి, ఖచ్చితమైన పోలిక మాత్రమే చేసే ఉపకరణం ఆ సంగతిని ముందే తెలపాలి.

## ఉదాహరణ: ప్రకాశం బ్యారేజీ, బుడమేరు

విజయవాడ వద్ద కృష్ణా నదిపై 19వ శతాబ్దంలో కట్టిన ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. పూర్తి మట్టంలో దీని నిల్వ 3.07 టీఎంసీలు. బ్యారేజీ వద్ద ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షల క్యూసెక్కులకు చేరితే రెండవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ఇక్కడ సుమారు 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. ఆ వేగంతో పారితే బ్యారేజీ పూర్తి నిల్వకు సమానమైన నీరు ముప్పావు గంటలో దాటిపోతుంది. గంటల కిందటి అంకె అటువంటి సమయంలో ఎంత పనికిమాలినదో దీనిని బట్టి తెలుస్తుంది.

అదే సమయంలో విజయవాడలోని సింగ్‌నగర్ మరియు పరిసర ప్రాంతాలు మునగడానికి ప్రధాన కారణం బుడమేరు. ఇది కొల్లేరు సరస్సులో కలిసే వాగు. దీని వరదను మళ్ళించే కాలువ బ్యారేజీకి ఎగువన కృష్ణా నదిలో కలుస్తుంది. ఆ కాలువ గట్లకు గండ్లు పడి నీరు నగరంలోకి వచ్చింది. అనగా బ్యారేజీ అంకె ఒక్కటే చూసి సింగ్‌నగర్ పరిస్థితి చెప్పడం సాధ్యం కాదు.

బ్యారేజీ ప్రవాహాన్ని తెలిపే ఉపకరణం ఒకటి ఉన్నదని ఊహించి, దానికి రాయగల రెండు వివరణలను పోల్చవచ్చును.

> మొదటి వివరణ: విజయవాడ వరద సమాచారాన్ని ఇస్తుంది. పారామీటరు: స్థలం.

> రెండవ వివరణ: ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణా నది ప్రవాహాన్ని ఇస్తుంది. ఎగువ నుండి వచ్చే ప్రవాహం, దిగువకు వదిలే ప్రవాహం క్యూసెక్కులలో, పూర్తి సంఖ్యలుగా ఉంటాయి (11.43 లక్షలు అయితే 1143000). నీటిమట్టం సముద్రమట్టం నుండి అడుగులలో ఉంటుంది. కొలత తీసిన తేదీ, సమయం భారత కాలమానంలో ఉంటాయి. జవాబులో ఆ సమయాన్ని తప్పక చెప్పాలి. విలువ ఖాళీగా ఉంటే కొలత అందలేదని అర్థం, ప్రవాహం లేదని కాదు. ఈ ఉపకరణంలో బుడమేరు, మునేరు, నగరంలోని డ్రెయిన్ల సమాచారం లేదు. ఒక కాలనీ లేదా వీధి సురక్షితమో కాదో చెప్పడానికి దీనిని వాడరాదు. అటువంటి ప్రశ్నకు అధికారుల హెచ్చరికలను చూపే ఉపకరణాన్ని పిలవాలి. పారామీటర్లు లేవు.

మొదటి వివరణ అబద్ధం కాదు. కానీ సింగ్‌నగర్ నివాసి "మా ఇంటికి నీరు వస్తుందా" అని అడిగినప్పుడు ఏజెంటు దీనినే ఎంచుకుంటుంది. బ్యారేజీ వద్ద ప్రవాహం హెచ్చరిక స్థాయికి లోపల ఉంటే, ప్రమాదం లేదని జవాబు చెబుతుంది. ఉపకరణం సరిగానే పనిచేసింది, అంకె కూడా నిజమే, అయినా జవాబు ప్రాణాంతకం కావచ్చును. రెండవ వివరణలో ఇటువంటి జవాబుకు అవకాశాన్ని తగ్గించేవి "లేదు", "వాడరాదు" అనే రెండు వాక్యాలు.

## ప్రభుత్వ సేవలలో ప్రాధాన్యత

ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం వాట్సాప్ ద్వారా పౌరసేవలు అందించేందుకు 2024 అక్టోబరు 22న మెటా సంస్థతో ఒప్పందం చేసుకుంది. 2025 జనవరి 30న రాష్ట్ర మంత్రి నారా లోకేష్ "మన మిత్ర" పేరుతో ఈ సేవను ప్రారంభించాడు. మొదటి విడతలో దేవాదాయ, ఇంధన, రోడ్డు రవాణా, రెవెన్యూ, పురపాలక తదితర శాఖలకు చెందిన 161 సేవలు ఇందులో ఉన్నాయి. ఆ తరువాత సేవల సంఖ్య పెరిగింది.

ఎంపికల జాబితా ద్వారా సేవను అందించేటప్పుడు పౌరుడే తనకు కావలసిన సేవను ఎంచుకొంటాడు. పౌరుడు తన మాటలలో అడిగినది విని ఏజెంటు సేవను ఎంచుకొనే పద్ధతిలో ఆ బాధ్యత వివరణలపై పడుతుంది. ఉదాహరణకు "భూమి కాగితం కావాలి" అనే మాటకు అడంగల్, 1బి, పాసు పుస్తకం, రిజిస్ట్రేషను దస్తావేజు నకలు అనే నాలుగు అర్థాలు ఉండవచ్చును. ఒక్కొక్కటి దేనికి పనికివస్తుందో వివరణలలో ఉంటే ఏజెంటు "బ్యాంకు రుణం కోసమా, హద్దుల కోసమా" అని ఎదురు ప్రశ్న వేయగలుగుతుంది. లేకపోతే మొదట కనిపించినదానికి దరఖాస్తు నింపుతుంది. చదువు అంతగా రాని పౌరునికి ఆ తేడా కార్యాలయానికి వెళ్ళిన తరువాత గాని తెలియదు.

## భద్రత

వివరణలోని పాఠ్యాన్ని భాషా నమూనా ఆదేశంగా కూడా తీసుకొనే అవకాశం ఉంది. దీనిని అదనుగా తీసుకొని, ఉపకరణం వర్ణనలో హానికరమైన ఆదేశాలను దాచి ఏజెంటును మోసగించే పద్ధతిని "టూల్ పాయిజనింగ్" అంటారు. 2025లో భద్రతా పరిశోధకులు దీనిని వెలుగులోకి తెచ్చారు. అందువలన బయటివారి ఉపకరణాలను చేర్చుకొనేటప్పుడు వాటి వివరణలను మనుషులు చదవడం, తరువాత జరిగే మార్పులను గమనించడం అవసరం. చదవడం మాత్రమే చేస్తుందని వివరణలో రాసినంత మాత్రాన అది నిజం కానవసరం లేదు. డబ్బు చెల్లింపు, రికార్డు మార్పు వంటి పనులకు వినియోగదారు అనుమతి తీసుకొనే ఏర్పాటు వివరణతో సంబంధం లేకుండా ప్రోగ్రాములోనే ఉండాలి.

## పరీక్ష మరియు నిర్వహణ

వివరణ సరిగా ఉన్నదో లేదో చదివి తేల్చడం కష్టం. జనం నిజంగా అడిగే మాటలతో ప్రశ్నల జాబితా తయారుచేసి, ప్రతి ప్రశ్నకు ఏజెంటు ఏ ఉపకరణాన్ని ఏ విలువలతో పిలిచిందో సరిచూస్తారు. ఈ జాబితాలో బెజవాడ, బందరు, దాళ్వా, బస్తా వంటి వాడుక మాటలతో పాటు, ఏ ఉపకరణమూ జవాబు చెప్పలేని ప్రశ్నలు కూడా ఉండాలి. అటువంటి ప్రశ్నకు ఏజెంటు ఉపకరణాన్ని పిలవకుండా ఉండడమే సరైన ఫలితం. స్థానిక వాడుక తెలిసిన గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది, రెవెన్యూ సిబ్బంది, రైతులు ఇటువంటి జాబితా తయారీకి సాఫ్ట్‌వేర్ నిపుణులంత అవసరం.

జిల్లాల విభజన, సర్వే నంబర్ల మార్పు, కొత్త రుసుములు వంటివి జరిగినప్పుడు ప్రోగ్రాముతో పాటు వివరణను కూడా మార్చాలి. పాతబడిన వివరణ అసలు వివరణ లేకపోవడం కన్నా ఎక్కువ హాని చేయగలదు, ఎందుకంటే ఏజెంటు దానిని సందేహించదు.

## పరిమితులు

మంచి వివరణ పొరపాట్లను తగ్గిస్తుంది గాని పూర్తిగా తొలగించదు. భాషా నమూనాలు స్పష్టంగా రాసినదాన్ని కూడా కొన్నిసార్లు పాటించవు. ఉపకరణాల సంఖ్య పెరిగే కొద్దీ సరైన ఎంపిక కష్టమవుతుంది. రెండు ఉపకరణాల మధ్య తేడాను వాక్యాలలో చెప్పడం కష్టమైతే, వాటిని కలిపి ఒకటిగా చేయడం లేదా వేరే విధంగా విభజించడం మేలు. సరిగా వర్ణించలేని ఉపకరణం చాలా సందర్భాలలో సరిగా రూపొందించని ఉపకరణమే.

## ఇవి కూడా చూడండి

* కృత్రిమ మేధ
* యూనికోడ్
* ప్రకాశం బ్యారేజి
* బుడమేరు
* కృష్ణా నది
* విజయవాడ
* మన మిత్ర